సులోచన సైకిలు నేర్చుకున్న ఊరు

ఈ వేసవి సెలవుల్లో నేను, నా భార్య సులోచన, మా అమ్మాయి మౌనిక నెల్లూరు సముద్రతీరంలో ఆరు రోజులు గడిపి వచ్చాం. గుళ్ళూ గోపురాలూ లెక్కపెట్టుకుంటూ తిరిగే ప్రయాణం కాదిది. ఊరికే కూర్చోవడానికి, తినడానికి, మధ్యాహ్నాలు నిద్రపోవడానికి, సాయంత్రాలు ఉప్పునీళ్ళలో కాళ్ళు తడుపుకోవడానికి వెళ్ళాం. నంద్యాలలో మే నెల ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఇంతకంటే కారణం చెప్పక్కర్లేదు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పాఠం కంటే పాఠం మధ్యలో చెప్పే జోకులకు నాకు ఎక్కువ పేరు. పెళ్ళికి వెళ్ళినా చావుకు వెళ్ళినా నా చుట్టూ నలుగురు చేరతారు. తిరిగొచ్చాక స్టాఫ్ రూములో, "మాస్టారూ, ట్రిప్పు గురించి నవ్వించేలా రాయండి, మ్యాగజైనులో వేద్దాం" అన్నారు. సరేనని కూర్చుని మూడు పేజీలు రాసి చించేశాను. నవ్వు రాలేదు. సులోచనను అడిగితే, "ఉన్నదున్నట్టు రాసేదుంటే రాయండి. నన్ను చూసి నవ్వేట్టు మాత్రం రాయొద్దు" అంది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నెల్లూరు

బస్సు మమ్మల్ని తెల్లవారుతుండగా దించింది. ఆరు కూడా కాలేదు, అప్పటికే చొక్కా వీపుకు అంటుకుపోయింది. మాది కాల్చే ఎండ, ఇక్కడిది ఉడకబెట్టే ఎండ. ముఖాలు కడుక్కుని ఒక చిన్న హోటల్లో కారం దోసెలు తెప్పించుకున్నాం. దోసె మీద ఎర్రగా ఉల్లికారం పూసి, పైన పప్పులపొడి చల్లి ఇచ్చారు. పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిని పెరిగిన మాకు కారం కొత్త కాదనే ధీమాతో మౌనిక పెద్ద ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వడ్డించే ఆయన దయతలచి, "ఇంకొంచెం నెయ్యి ఏస్తా పాపా, సల్లబడతాది" అని గరిటెడు పోసి వెళ్ళాడు. దోసె అరవై రూపాయలు. నెయ్యికి డబ్బులు తీసుకోలేదు.

పెన్న దాటడానికి ఆటో ఎక్కాం. నదిలో నీళ్ళ కంటే ఇసుకే ఎక్కువగా ఉంది. ఆటో నడిపేది నడివయసు మనిషి, మాటకారి.

"ఎండాకాలమంటే ఎవురైనా ఊటీ పోతారు. మీరేంది సార్, నెల్లూరొచ్చినారు?"

"ఊటీ అయితే మా ఆవిడ జారి పడుతుందయ్యా, మళ్ళీ ఎత్తడానికి క్రేను కావాలి" అన్నాను.

అతను హ్యాండిల్ మీద చెయ్యి కొట్టి నవ్వాడు. సులోచన కూడా నవ్వింది. ఆ రోజు నాకు అది మామూలు నవ్వే అనిపించింది. ఇప్పుడు గుర్తు చేసుకుంటే, పరాయి మనిషి ముందు ముఖం మాడ్చుకోవడం ఇష్టం లేక నవ్వినట్టుంది. ఇరవై మూడేళ్ళుగా అట్లాంటివి ఎన్ని నవ్విందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

కొడవలూరు

కొడవలూరులో నా హాస్టలు స్నేహితుడు సుధాకర్ ఉన్నాడు. డిగ్రీ కలిసి చదివాం, తర్వాత వాడు సేద్యంలోకి వెళ్ళాడు. వరి కోతలు అయిపోయి, చేలల్లో దుబ్బులు మాత్రం మిగిలాయి. నీళ్ళు వదిలేదాకా రైతులకు ఇది తీరుబడి కాలం. వాడింటి ముందు తాటాకు పందిరి కింద మధ్యాహ్నమంతా ఏదో ఒక ఆట సాగుతూనే ఉంది. సుద్దముక్కతో గచ్చు మీద గళ్ళు గీసి, గవ్వలు వేసి అష్టాచెమ్మా ఆడుతున్నారు. మా వైపు మగవాళ్ళు ఒక మూల పేకాట, ఆడవాళ్ళు ఇంకో మూల కబుర్లు. ఇక్కడ సుధాకర్ తన భార్య రమణమ్మ పక్కన బాసింపట్టు వేసుక్కూర్చుని, ఆమె తన కాయ చంపిందని గట్టిగా పోట్లాడుతున్నాడు. ఆమె ఏమాత్రం తగ్గలేదు. "గవ్వ బోర్లా పడిందా, ఎల్లకిలా పడిందా? కండ్లు పెట్టుకోని సూడు" అని వాడి కాయను పెరికి పక్కన పడేసింది.

భోజనంలోకి చేపల పులుసు. మామిడికాయ ముక్కలు వేసి ముందురోజు వండి పెట్టారట.

"ఈ పొద్దు వండింది ఈ పొద్దే తింటే అది పులుసు కాదురా" అన్నాడు సుధాకర్. "రాత్రంతా కుండలో ఊరాల."

వాడు చెప్పింది నిజం. నేను మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

సాయంత్రం రమణమ్మ మోపెడ్డు మీద పొలం నుంచి వచ్చింది. వెనక పచ్చగడ్డి మోపు, ముందు పాల క్యాను. మోపెడ్డు ఆపి, ఒక కాలు నేలకానించి, మోపు దించి లోపలికి వెళ్ళింది. సులోచన అంతసేపూ ఆమెనే చూస్తూ నిలబడింది.

"ఎన్ని రోజులు పట్టింది నేర్చుకునేదానికి?" అని అడిగింది.

"నాలుగు దినాలక్కా. సైకిలు వస్తే ఇది ఊరికినే వస్తాది. నీకు సైకిలు వచ్చా?"

"రాదు. చిన్నప్పుడు మా ఇంట్లో నేర్పియ్యలేదు."

కాఫీ తాగుతూ సులోచన అందరికీ వినబడేలా అంది. "సముద్రం దగ్గర నాలుగు రోజులుంటాం గదా, నేను సైకిలు నేర్చుకుంటా."

ఆమెకు నలభై అయిదేళ్ళు. ఇంట్లో జాకెట్లు కుడుతుంది. కుట్టుమిషను తొక్కీ తొక్కీ పిక్కలు గట్టిపడిన మనిషి. "ఫలానాది కావాలి" అని నోరు తెరిచి అడగడం అరుదు. అడిగింది కదా, సంతోషపడాల్సింది. నేను మాత్రం, "ముందు బ్రేకు ఎక్కడుందో నేర్చుకో, లేకపోతే నేరుగా అండమాను తేలతావు" అన్నాను. సుధాకర్ పొలమారేలా నవ్వాడు. రమణమ్మ నవ్వలేదు.

"ఇందులో నవ్వేదేముందన్నా?" అంది నన్ను చూసి, మామూలుగానే. నేను కాఫీ బాగుందన్నాను.

రామతీర్థం

మర్నాడు రామతీర్థం చేరాం. దారి పొడుగునా రొయ్యల గుంటలు, గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాలు, అవి దాటాక సరుగుడు తోటలు. తోటలు అయిపోయే చోట ఒక్కసారిగా సముద్రం. శివాలయానికి అవతల ఒక ఇంటి మేడ మీద గది దొరికింది. ఇంటావిడ భోజనం కూడా పెడతానంది. మనిషికి పూటకు నూట ఇరవై, చేప ఏది దొరికితే అది.

మౌనిక, సులోచన ఆ సాయంత్రమే సైకిళ్ళ షాపు కనిపెట్టారు. రేకుల షెడ్డులో ఒక పక్క సైకిళ్ళు, ఇంకో పక్క బాగు చేయాల్సిన గొడుగులు, గ్యాసు పొయ్యిలు. యజమాని మస్తాన్ బాయి అనే అరవయ్యేళ్ళ మనిషి. సైకిలు అద్దె గంటకు ఇరవై. ముందు బుట్ట ఉన్న ఆడవాళ్ళ సైకిలు ఒకటి బయటికి తీసి, పానాతో సీటు బాగా కిందికి దించాడు.

"మొదట్లో కాళ్ళు రెండూ నేలకానాలక్కా. పడతామని కాదు భయం, కాలు అందదేమోనని భయం. అది పోతే సగం వచ్చినట్టే" అన్నాడు.

మర్నాడు పొద్దున అల వెనక్కి తగ్గిన వేళ ముగ్గురం ఒడ్డుకు వెళ్ళాం. తడి ఇసుక గచ్చులా గట్టిగా ఉంది. సులోచన పచ్చచీర కుచ్చెళ్ళు పైకి దోపింది. మౌనిక వెనక సీటు పట్టుకుంది. నేను ఫోను పట్టుకున్నాను.

మొదటి అరగంట అందరికీ జరిగేదే జరిగింది. రెండు తొక్కులు, ఒక వంపు, కాలు కింద. మళ్ళీ రెండు తొక్కులు. నేను దూరం నుంచి "కిందికి చూడొద్దు, ముందుకు చూడు, వేగం ఉంటేనే నిలబడుతుంది, ఇది ఫిజిక్సు" అని అరుస్తున్నాను. అప్పుడొకసారి మౌనిక చెప్పకుండా చెయ్యి వదిలేసింది. సులోచనకు తెలియదు. "వదలొద్దే, వదలొద్దే" అంటూనే తొక్కుతోంది. పది గజాలు, పన్నెండు గజాలు. పక్కకు చూస్తే కూతురు లేదు. అప్పుడు ఆమె ముఖంలో వచ్చిన వెలుగు నేను కళ్ళతో కాదు, అరచేయంత తెర మీద చూశాను.

సరిగ్గా అప్పుడే ఒక అల మిగతావాటికంటే పైకి వచ్చింది. హ్యాండిల్ తిరిగిపోయింది. సులోచన మోకాలు లోతు నీళ్ళలో పడింది, సైకిలు ఆమె మీద పడింది, చీర చెయినులో ఇరుక్కుంది. నేను క్రికెట్ వ్యాఖ్యాత గొంతు పెట్టి, "సులోచన క్లీన్ బౌల్డ్! బంగాళాఖాతం బౌలింగులో అవుట్!" అంటూ తీస్తూనే ఉన్నాను. మౌనిక నవ్వుతూ వెళ్ళి లేపింది.

లేచేటప్పుడు సులోచన కూడా పగలబడి నవ్వుతోంది. ముక్కులోకి నీళ్ళు పోయి దగ్గుతూ, నవ్వుతూ, నా వైపు చూసి, "తొక్కినా, చూసినారా?" అంది.

"చూశాను. పడ్డావు" అన్నాను.

భోజనాల వేళ

గదికి వచ్చి వాళ్ళు స్నానాలు చేస్తుండగా నేను వీడియో చూసుకున్నాను. నిమిషం పైన ఉంది. మొదటి భాగం నెమ్మదిగా ఉందనిపించింది, నవ్వంతా చివర్లో ఉంది. ముందు భాగం కత్తిరించి, పడిన పదిహేను సెకన్లు ఉంచి, దాన్నే భద్రపరిచాను. మా చుట్టాలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మేడ దిగేలోపే నవ్వుల బొమ్మలు వచ్చిపడ్డాయి. తమ్ముడు, "వదినా, సముద్రం ఎంత లోతుందో కొలిచావా?" అని రాశాడు. నాకు గర్వంగానే ఉందని ఒప్పుకోవాలి.

ఇంటావిడ విస్తళ్ళు వేసి సొరపుట్టు వడ్డించింది. సొరచేప ఉడికించి, ముళ్ళు తీసి, ఉల్లిపాయలు, మిరియాలపొడి వేసి పొడిపొడిగా వేయిస్తారు. మా వైపు ఎవరూ ఎరగరు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా సులోచన ఫోను మోగింది. ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకామె.

"ఏం సులోచనమ్మా, సముద్రంలో ఈత నేర్చుకుంటున్నావంట గదా!" అని నవ్వడం నాక్కూడా వినబడింది.

సులోచనకు అర్థం కాలేదు. ఫోను పెట్టేసి చూస్తే అదే వీడియో. నేను గ్రూపులో పెట్టినదాన్ని మా తమ్ముడు తన స్టేటస్‌లో పెట్టాడు. దాన్ని వాళ్ళావిడ ఎవరికో పంపింది. అక్కడినుంచి మా వీధంతా తిరిగి ఇక్కడికి చేరింది. సులోచన మొత్తం చూసింది. నా వ్యాఖ్యానం ఆ చిన్న గదిలో చాలా గట్టిగా వినిపించింది. అయిపోయాక మళ్ళీ ఒకసారి మొదటినుంచి పెట్టింది, ఏదో వెతుకుతున్నట్టు.

"ముందుది లేదే" అంది.

"ఏ ముందుది?"

"నేను తొక్కింది."

కత్తిరించానని చెప్పాను. ఆమె తల ఊపింది. విస్తరిలో ఉన్నదంతా తినింది, ఇంటావిడకు సొరపుట్టు ఎలా చేస్తారని అడిగి తెలుసుకుంది, చెయ్యి కడుక్కుంది. కోప్పడలేదు. నేను గబగబా గ్రూపులో ఆ వీడియో తీసేస్తుంటే మౌనిక, "ఇప్పుడు తీసేసి ఏం లాభం నాన్నా" అంది.

సాయంత్రం ఒడ్డుకు వెళ్దామా అంటే సులోచన, "సైకిలు ఇచ్చేసి వస్తా" అని ఒక్కతే వెళ్ళింది.

మస్తాన్ బాయి వసారా

మర్నాడు పొద్దున ఆమె గదిలో లేదు. మౌనిక చెబితే మస్తాన్ బాయి ఇంటికి వెళ్ళాను. షెడ్డు వెనకే ఇల్లు. వసారాలో పెద్ద క్యారంబోర్డు స్టూలు మీద ఉంది. ఒక పక్క మస్తాన్ బాయి, ఆయన భార్య జరీనా. ఎదురుగా సులోచన ఒక్కతే, ఇద్దరితో ఆడుతోంది. షాపుకు పొద్దున్నే పెద్దగా పని ఉండదు కాబట్టి ఎండాకాలమంతా వాళ్ళకు ఇదే కాలక్షేపమట. చెరో గ్లాసు సబ్జా గింజల నిమ్మనీళ్ళు పెట్టుకుని, పది గంటలదాకా ఆడతారట.

నేను గేటు దగ్గరే ఆగిపోయాను. సులోచన బోర్డు మీద పౌడరు చేత్తో సర్ది, వేలితో స్ట్రైకరును మెల్లగా మీటింది. కాయిను అంచుకు తగిలి, వెనక్కి వచ్చి, తనకు దగ్గరి మూలలో పడింది. అలాంటివి వరసగా మూడు వేసింది. తర్వాత ఎర్రకాయిను, దాని వెంట ఇంకొకటి. ఇరవై మూడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం. ఆమె వేళ్ళకు ఇది వచ్చని నాకు తెలియదు.

"రెండాటలు ఓడగొట్టింది సార్ మమ్మల్ని!" అన్నాడు మస్తాన్ బాయి నన్ను చూసి. "ఇంత గురి యాడ నేర్చింది? మీరే నేర్పించినారా?"

నేను ఏదో అనబోయాను. అలవాటుగా ఒక జోకు నోటిదాకా వచ్చింది. ఎలాగో మింగాను.

జరీనా నాకు స్టూలు వేసింది. "అక్క కాలేజీలో ఆడినప్పుడు జిల్లాకు రెండోదిగా వచ్చిందంట గదా అన్నా. వాళ్ళ తాతే నేర్పించినాడంట" అంది.

"మరి మనింట్లో ఎప్పుడూ ఆడలేదేం?" అని సులోచనను అడిగాను.

సులోచన కాయిన్లు మధ్యలో పేరుస్తూ, తలెత్తకుండా చెప్పింది. "ఆడినా. పెండ్లైన నెలలో. మీ అన్నలు, బావలు అందరూ ఉన్నారు. మీ మీద గెలిచినా. మీరు బోర్డు ఎత్తి నా నెత్తిన పెట్టి, కొత్త కోడలికి కిరీటం అని ఇల్లంతా తిప్పినారు."

"సరదాకు..."

"సరదాకే. అందరూ నవ్వినారు."

నాకు లీలగా గుర్తొచ్చింది. బోర్డు ఎత్తడం గుర్తొచ్చింది, అందరూ నవ్వడం గుర్తొచ్చింది. ఆమె గెలిచిందన్న సంగతి మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

జరీనా కొంగుతో చేతులు తుడుచుకుని, మాట మార్చడానికి, "ఎండెక్కతా ఉండాది, ముంజలు తెప్పించినా, తిందురు రండి" అంది. లేత తాటిముంజలు. బజార్లో డజను ఎనభై చెబుతున్నారు, వీళ్ళు తోటకాపరికి సైకిలు బాగుచేసినందుకు అతను ఊరికే ఇచ్చాడట. నాకు మొదటి కాయలోనే నీళ్ళు చిమ్మి చొక్కా తడిసింది. మామూలుగా అయితే అందరికంటే ముందు నేనే నవ్వేవాణ్ణి. ఎవరూ నవ్వలేదు. జరీనా తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

నేను చేసిన ఇంకో పొరపాటు

తప్పు చేసినవాడు ఊరుకుంటే మంచిది. నేను ఊరుకోలేదు. ఆ మధ్యాహ్నం అందరూ నిద్రపోతుండగా గ్రూపులో పెద్ద క్షమాపణ రాశాను. నా భార్య సైకిలు తొక్కిందని, ఆమె పడిన భాగమే నేను పెట్టానని, ఆమె క్యారమ్స్‌లో జిల్లాస్థాయి క్రీడాకారిణి అని, నేను సిగ్గుపడుతున్నానని. చదువుకుంటే బాగానే ఉందనిపించింది. చదివి సులోచన సంతోషిస్తుందనుకున్నాను.

అయిదు నిమిషాల్లో మొదలైంది. "అన్నకు గట్టిగానే పడ్డట్టుంది." "రాత్రి భోజనం పెట్టిందా లేదా?" "ఫోను వదిన చేతిలో ఉన్నట్టుంది, అన్నా, ఆపదలో ఉంటే ఒక దండం బొమ్మ పెట్టు." ఆగిపోయిన నవ్వులు మళ్ళీ మొదటికొచ్చాయి. ఇన్నేళ్ళు నేను నేర్పిన నవ్వే అది. ఎవర్నీ తప్పుపట్టే వీల్లేదు.

సులోచన లేచి ఫోను చూసుకుంది. మంచం మీద కూర్చుని, జుట్టు ముడి వేసుకుంటూ, "నన్ను ఒక మాట అడిగి రాయాల్సింది" అంది.

"నిన్ను మెచ్చుకుంటూ రాశాను కదా."

"చూసినా. అది కూడా వాళ్ళకే చెప్పినారు. నాకు చెప్పలేదు."

అప్పుడు చెప్పాను. క్షమించు అన్నాను. మొదటిసారి మధ్యలో చమత్కారం లేకుండా అన్నాను. ఆమె విన్నది. "సరే" అంది. ఆ సరేలో కోపం లేదు, ఊరట కూడా లేదు. చిల్లర లేదని దుకాణదారు చాక్లెట్టు ఇస్తే తీసుకున్నట్టు తీసుకుంది.

సాయంత్రం మౌనికతో ఒడ్డున నడిచాను. ఎర్రటి చిన్న పీతలు మేం అడుగు వేసినప్పుడల్లా కన్నాల్లోకి దూరుతున్నాయి.

"నేను కూడా నవ్వాను నాన్నా, అమ్మ పడినప్పుడు" అంది మౌనిక. "నిన్న అమ్మకు సారీ చెప్పా."

"ఏమంది?"

"నువ్వు నవ్వుతూనే వచ్చి లేపావు గదా, అంది."

చివరి రెండు పొద్దులు

అయిదో రోజు పొద్దున సులోచన, మౌనిక చీకటి విడకముందే లేచి వెళ్ళారు. జరీనాతో పడవల దగ్గరికి, చేపలు వచ్చేది చూడడానికి అన్నారు. ఎనిమిదింటికి తిరిగొచ్చారు. సులోచన మోచెయ్యి దోక్కుపోయి ఉంది, చీర అంచుకు గ్రీజు మరక. ముఖం మాత్రం ఎండకు ఎర్రబడి నిగనిగలాడుతోంది. నేను మోచెయ్యి చూసి అడగబోతే మౌనిక కళ్ళతో వద్దంది. అడగలేదు. ఆ రోజంతా తల్లీకూతుళ్ళు గవ్వలు ఏరుకున్నారు, ఇంటావిడ దగ్గర సొరపుట్టు చేయడం నేర్చుకున్నారు, మస్తాన్ బాయి వసారాలో మూడాటలు ఆడారు. నన్ను కూడా ఒక ఆటకు పిలిచారు. సులోచన పక్కన కూర్చుని ఆడాను. నా వల్ల ఓడిపోయాం. అయినా ఆట సాగినంతసేపూ ఆమె నా తర్వాతి దెబ్బ ఎటు కొట్టాలో వేలితో చూపించింది. ఆ యాత్రలో నాకు దొరికిన మంచి గంట అది. ఇలాంటివి ఎన్ని వేసవులు మా ఇంట్లో జరిగి ఉండాల్సిందో అనుకుంటూ ఆడాను.

ఆరో రోజు మా తిరుగుప్రయాణం మధ్యాహ్నానికి. పొద్దున సులోచన చీర పిన్ను పెట్టుకుంటుండగా నాకు మెలకువ వచ్చింది.

"సైకిలు కోసమేనా?" అన్నాను.

"ఆఁ."

"నేను వచ్చి చూడనా? ఫోను ఇక్కడే పెట్టి వస్తాను."

ఆమె పిన్ను పెట్టడం ముగించింది. నా మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలా అని ఆలోచించినట్టుంది.

"వద్దులెండి. మీరు చూస్తా ఉంటే పడతానేమోనని దాని మీదనే ఉంటాది మనసు. మీరు లేకుంటే వస్తా ఉంది."

అలా అని, మౌనికను లేపి వెంటబెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నేను కిందికి దిగి సరుగుడు తోట ఇవతల ఉన్న టీ బంకు దగ్గర బల్ల మీద కూర్చున్నాను. తోటకు అవతలే ఒడ్డు. కనబడదు గాని అలల చప్పుడు వినిపిస్తుంది. మధ్యలో రెండుసార్లు సైకిలు గంట వినిపించింది. ఒకసారి జరీనా గొంతు, "అక్కా, తిప్పుకో, తిప్పుకో!" అని. తర్వాత కేకలు, నవ్వులు. అందులో సులోచన నవ్వు ఏదో నేను పోల్చుకోగలిగాను. నీళ్ళలోంచి లేస్తూ నవ్విన నవ్వది.

కాసేపటికి తోటలోంచి ఒక ఆవిడ చేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చి, బంకు పక్కన గంప దించి, టీ అడిగింది. బంకాయన అడగకుండానే మొదలుపెట్టింది.

"ఒడ్డున ఒక ఆడమనిషి సైకిలు తొక్కతా ఉండాది. పచ్చచీర కట్టుకోనుంది. ఈ ఊరామె మాదిరి లేదే."

"ఈ సారు వాళ్ళావిడే" అన్నాడు బంకాయన నన్ను చూపించి.

"మీ ఆమేనా నాయనా? బో తొక్కతా ఉండాదే!"

"ఎలా తొక్కుతోందమ్మా?" అని అడిగాను.

ఆవిడ గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ ముందుకు చాపి హ్యాండిల్ పట్టుకున్నట్టు చూపించింది. "ఇట్టా నిటారుగా కూసోని, నీళ్ళ అంచునే పోతా ఉండాది. మా పడవ దగ్గరికంటా వచ్చి, దిగకుండానే తిప్పుకోని మళ్ళీ పోయింది. ఆ పాప ఎనక పరిగెత్తలేక కూలబడిపోయింది. మావోళ్ళు వలలు ఇడిచిపెట్టి సూస్తా ఉండారు."

ఆవిడ టీ తాగేసి, గంప ఎత్తుకోవడానికి వంగి, మళ్ళీ నా వైపు చూసింది.

"అదేంది, నన్ను అడగతా ఉండావు? నాలుగు అడుగులు ఏస్తే తోట దాటతావు. పోయి సూసుకోరాదా?"

గంప ఎత్తడానికి ఒక చెయ్యి వేశాను. ఆవిడ వెళ్ళిపోయాక బంకాయనను ఇంకో టీ అడిగి, తోటకు వీపు పెట్టి కూర్చున్నాను.